ముడులు లేని తాడు

పద్నాలుగో భాగం

పోయిన వారం పిచికను ఎస్టేటు బంగళా మెట్ల మీద, మండుటెండలో నిలబెట్టి వదిలేశాం. తలుపు కొట్టి అయిదు నిమిషాలైంది, లోపలి నుంచి పలికిన నాథుడు లేడు. ఈలోగా, మధ్యలో రెండు మూడు వారాలు తప్పిపోయిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేసుకుందాం.

ఎస్టేటు అమ్ముతున్నారు. కొనేవాళ్ళు రేపు పొద్దున వస్తారు. తాతయ్య ఆస్తిలో కూతురికీ హక్కుంది. ఆ కూతురు ఎనిమిది నెలల కిందట కన్నుమూసింది. ఇప్పుడు ఆమె ఒక్కగానొక్క బిడ్డ పిచిక సంతకం లేకపోతే అమ్మకం అంగుళం కదలదు. అందుకే ముప్పై నాలుగేళ్ళుగా మంచికీ చెడ్డకూ పిలవని మేనమామ తనే ఫోను చేసి రమ్మన్నాడు. పిచిక వచ్చింది. సంతకం పెట్టడానికి కాదు, కడిగి పారేయడానికి. ఆమె తల్లిని ఈ ఇంట్లోంచి వెళ్ళగొట్టింది ఊరికే కాదు. కన్నతండ్రి చావుకు కారణమైందని ముద్ర వేసి మరీ వెళ్ళగొట్టారు. ఆ ముద్ర అబద్ధమని చెప్పే మనిషి పోయిన వారం దొరికాడు. ఆయనేం చెప్పాడో ఈ వారం బల్ల మీదికి వస్తుంది.

పిచిక అంటే చిన్నపిల్ల అనుకునేరు. నలభై నాలుగేళ్ళ మనిషి. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తుంది. ఎంతెంత ఆసాములైనా ఆ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఆ హద్దులు ఇంకోసారి చదవండి మేడమ్" అంటారు. ఈ గుమ్మం దగ్గరకొస్తే మాత్రం ఆమె పిచికే. చిన్నప్పుడు కాళ్ళు పుల్లల్లా ఉండేవని మేనమామ పెట్టిన పేరు, అందరి నోళ్ళలో అదే నిలిచిపోయింది.

తలుపు తెరుచుకుంది. అత్తయ్య. జుట్టంతా తెల్లబడింది, చూపు మాత్రం అప్పటిలాగే ఉంది, ఎదుటి మనిషిని చెప్పుల నుంచి మొదలుపెట్టి కొలిచే చూపు.

"వచ్చావా. కాళ్ళు తుడుచుకుని రా. ఇప్పుడే గచ్చు కడిగించాను."

ముప్పై నాలుగేళ్ళ తర్వాత మొదటి పలకరింపు ఇది. పిచికకు ఒళ్ళు మండింది. కావాలనే కాళ్ళు తుడుచుకోకుండా లోపలికి నడిచింది.

భోజనాల హాల్లో సామానంతా సర్దేసి ఉంది. గోడలకు అద్దాలు తీసేసిన చోట్ల తెల్లటి చతురస్రాలు మిగిలాయి. ఇరవై మంది కూర్చునే ఆ పొడుగాటి బల్లను మాత్రం ఏ తలుపులోంచీ బయటికి తీయలేక వదిలేశారు. దాని కొసన మామయ్య కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ళు, ఇస్త్రీ చొక్కా, ఎదురుగా అమ్మకం కాగితాల కట్ట. పక్కన ఆయన కొడుకు, పిచికకు బావ, అట్టపెట్టె మీద కాళ్ళు చాపుకుని బిస్కెట్లు తింటున్నాడు.

"ఏం మరదలా, పుల్లలా ఉండేదానివి, బాగానే ఒళ్ళు చేశావే."

"నువ్వేం మారలేదు బావా. అప్పుడూ ఈ బల్ల దగ్గరే ఉండేవాడివి."

"కూర్చో పిచికా," అన్నాడు మామయ్య. "ప్రయాణం బాగా జరిగిందా?"

"నా ప్రయాణం సంగతి మీకెందుకు మామయ్యా. ఇన్నేళ్ళు బతికామో చచ్చామో అడగలేదు కదా."

"నోరు బాగానే పెరిగింది."

"ఇక్కడ మా అమ్మ నోరు నొక్కేశారు కదా. ఆవిడ వాటా కూడా నాకే వచ్చింది."

బావ నవ్వబోయి తండ్రి మొహం చూసి బిస్కెట్టు నోట్లో కుక్కుకున్నాడు. మామయ్య కాగితాల కట్ట ఆమె వైపు తోసి, సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో వేలితో చూపించడం మొదలుపెట్టాడు. ఆ వేలు చూస్తే ఆమెకు చిన్ననాటి వేసవులన్నీ ఒక్కసారి తన్నుకొచ్చాయి. ఎందుకంటే ఆ రోజుల్లో అన్నీ ఆ వేలే చూపించేది. ఎవరు ఏ గదిలో పడుకోవాలి, ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, అన్నీ.

వేసవి సెలవులంటే పిల్లలందరికీ ఆటలు, పిచికకు అంతస్తులు. బడి మూసిన మర్నాడే తల్లీ కూతుళ్ళు బస్సు దిగి, ట్రంకుపెట్టె చెరో కొసా పట్టుకుని రెండు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. మిగతా చుట్టాలకు మేడ మీద గదులు, నీలం పరదాలు, కిటికీ తీస్తే దానిమ్మ చెట్లు. వీళ్ళకు వంటింటి వెనక పళ్ళగది. కోసిన నిమ్మకాయలూ దానిమ్మలూ గడ్డిలో పరిచి నిలవచేసే గది అది. రాత్రంతా పుల్లటి వాసన, దోమలు, నడుముకి గుచ్చుకునే గడ్డి. "మీ ఇద్దరే కదా, సర్దుకోండి" అనేది అత్తయ్య. ఆ మాట ప్రతి ఏడూ అదే గొంతుతో అనేది, కొత్తగా చెబుతున్నట్టు.

అమ్మ పుట్టింటికొచ్చిన ఆడపడుచు అని పేరే గానీ, తెల్లారి లేచింది మొదలు పదిహేను మందికి వండేది, వాళ్ళ దుప్పట్లు ఉతికేది. మిగతా ఆడవాళ్ళు ద్రాక్ష పందిరి కింద కూర్చుని విసనకర్రలతో విసురుకుంటూ, "నీ చేతి వంట తింటే ప్రాణం లేచొస్తుందే" అని అక్కణ్ణించే కేకేసేవాళ్ళు. లేచొచ్చిన ఆ ప్రాణాలు ఒక్క పళ్ళెమైనా కడిగిన పాపాన పోలేదు. ఆ వేసవుల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకునే వాళ్ళుంటారు. పిచిక మాత్రం పళ్ళు కొరుక్కునేది.

ఆ ఇంట్లో ఆమెను ఆమెగా చూసింది తాతయ్య ఒక్కడే. నిజానికి ఆయనకు చూపే లేదు.

అరవయ్యో ఏట కళ్ళు పోయాయి ఆయనకు. ఒకరి చెయ్యి పట్టుకుని నడవడం తల కొట్టేసినట్టుండేది. అందుకని ఎస్టేటంతా తాళ్ళు కట్టించాడు. వరండా నుంచి స్నానాల గదికి ఒకటి, పశువుల కొట్టానికి ఒకటి, పళ్ళతోటలో ఆయన కూర్చునే రాతిబెంచీ దాకా ఒకటి. నడుమెత్తున గుంజలు, వాటి మధ్య కొబ్బరిపీచు తాడు, తాడుకు ముడులు. ఒక ముడి చేతికి తగిలితే ముందు మెట్టుంది. రెండు తగిలితే మలుపు. మూడు తగిలితే ఆగిపోవాలి. ముడి తగలనంత సేపూ దారి సాఫు, అనుమానం లేకుండా నడిచెయ్యొచ్చు. ఏటా వేసవిలో పిల్లలందరి మొదటి పని ఆ ముడులు సరిచూడటం. కళ్ళకు గుడ్డ కట్టుకుని ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకుని నడిచేవాళ్ళు. ఎక్కడ ముడి జారిపోయిందో అందరికంటే ముందు కనిపెట్టేది పిచికే. "దీనికి చేతుల్లో కళ్ళున్నాయి" అనేవాడు తాతయ్య. ఆ ఒక్క మాట మీద ఆ పిల్ల వేసవంతా బతికేసేది.

ఆమె పదో ఏట మామయ్య కారు కొన్నాడు. కారు పోర్టికో దాకా రావాలంటే తోట తాడు దారికి అడ్డం. తాడు తీయించడానికి తాతయ్య ఒప్పుకోడు, కారు గేటు బయట వదలడానికి మామయ్య ఒప్పుకోడు. తండ్రీ కొడుకులు వారం రోజులు మొహాలు మాడ్చుకున్నారు. చివరికి దారి దాటే ఆ నాలుగు గజాల ముక్కకు కొసన ఇనప కొక్కెం పెట్టించారు. కారు వచ్చినప్పుడు కొక్కెం తియ్యాలి, కారు దాటగానే అవతల ఉన్న తోట గుంజకు మళ్ళీ తగిలించాలి. అంతే పని.

అదే ఏడు మామయ్యకు ఈత కొలను కూడా కావాల్సొచ్చింది. కారు దారి పక్కనే గొయ్యి తవ్విస్తున్నాడు. రాళ్ళు మోసే కూలీలు పట్టుకు దిగడానికి మేస్త్రి ఆ వాలు వెంబడి ఒక పని తాడు కట్టించాడు. కళ్ళున్న వాళ్ళ తాడు, దానికి ముడులెందుకు. ఆ పని తాడు మొదలయ్యే గుంజ, తోట గుంజకు సరిగ్గా నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆ వేసవి ఒక మధ్యాహ్నం తాతయ్య గోతి అడుగున రాళ్ళ మీద దొరికాడు.

తోట తాడు పెరట్లో దొరికింది, దాని మీద పన్నెండు తడి దుప్పట్లతో. ఆ రోజు ఉతుకు. బట్టలారేసుకోవడానికి కూతురు తాడు విప్పుకుపోయిందనీ, దారి తప్పి తండ్రి గోతిలో పడ్డాడనీ సాయంత్రానికల్లా ఎస్టేటంతా ఒకటే మాట. "నేను బతికుండగా అది ఈ గడప తొక్కకూడదు" అంది అమ్మమ్మ. అమ్మ నోరు మెదపలేదు. మర్నాడు మళ్ళీ ట్రంకుపెట్టె చెరో కొసా పట్టుకుని నడిచారు.

ఆ తర్వాతి వేసవులన్నీ పట్నంలో, సైకిలు షాపు మీద రేకుల గదిలో గడిచాయి. కిటికీ తీస్తే మిల్లు గోడ. అమ్మ హాస్టలు పిల్లలకు వండేది, పిచిక సెలవుల్లో టైపు నేర్చుకుంది. ఎవరైనా చుట్టం ఎదురుపడితే, "పాపం, కావాలని చేసిందా ఏమిటి" అని జాలి పడేవాళ్ళు. ఆ జాలి కంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఎనిమిది నెలల కిందట అమ్మ పోయినప్పుడు కూడా వచ్చిన నలుగురిలో ఒకావిడ అదే అంది. ఆ రోజే పిచిక ఒట్టు పెట్టుకుంది. ఆ నింద వేసిన నోళ్ళతోనే అది కాదని చెప్పించాలి.

"ఇక్కడా, ఇక్కడా, చివరి పేజీలో ఇక్కడా," అన్నాడు మామయ్య.

"నేనూ ఒక కాగితం తెచ్చాను," అంది పిచిక. సంచిలోంచి తీసి ఆయన ముందు పెట్టింది. ముత్యాల్లాంటి ఆమె చేతిరాత, ఒకే పేజీ. "ముందు మీరు దీని మీద సంతకం పెట్టండి. తర్వాత మీ కాగితాల మీద నేను పెడతాను."

బావ మెడ సాచి పైకి చదివాడు. "'మా తండ్రిగారి మరణానికి మా చెల్లెలు ఏ విధంగానూ కారణం కాదు. ఆ రోజు తాడు కొక్కెమును తోట గుంజకు బదులు పని గుంజకు పొరపాటున తగిలించిన వ్యక్తి...' ఇక్కడేంటి, ఖాళీ వదిలేశావు?"

"అక్కడ మీ నాన్న తన పేరు తన చేత్తో రాయాలి. కింద సంతకం పెట్టాలి. నకళ్ళు తీసి చుట్టాలందరికీ పంపుతాను, ఒక్కరు మిగలకుండా."

"నీకేమైనా పిచ్చా?" అంది అత్తయ్య.

"మేస్త్రి ఇంకా బతికే ఉన్నాడత్తయ్యా. మంచంలో ఉన్నాడు గానీ మతి బాగానే ఉంది. అరుపు విని అందరికంటే ముందు గోతిలోకి దిగింది ఆయనే. తాతయ్య గుప్పిట్లో ఉన్నది పని తాడట. కొక్కెం పని గుంజకు తగిలించి ఉందట. మిగతా తోట తాడంతా అప్పటికి దాని చోట అది చెక్కుచెదరకుండా ఉందట. దుప్పట్లు దాని మీదికి తర్వాత ఎక్కాయి. ముడి తగలట్లేదు కాబట్టి ఇంకా నడవాలి అనుకుంటూ ఆ మనిషి తిన్నగా గోతిలోకి నడిచాడు. అర్థమైందా మామయ్యా? మా అమ్మ తాడు తీసినందుకు పోలేదు తాతయ్య."

"ముప్పై నాలుగేళ్ళు వాడి నోట్లో ఏముంది మరి?" అన్నాడు మామయ్య.

"కూలీ మనిషిని అడిగారా మీరు? ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు." పిచిక కుర్చీ ఇంకా దగ్గరకు లాక్కుంది. "ఇప్పుడు నేనడుగుతాను, మీరు చెప్పండి. ఆ రోజు కారు తోలింది మీరేనా?"

"నేనే."

"ఐసు తేవడానికి వెళ్ళాం. కారులో నేనూ ఉన్నాను."

"ఉన్నావు."

అత్తయ్య కాఫీ కలుపుతున్న చెంచా ఆగిపోయింది. పిచిక అది గమనించింది, సంబరపడింది. కోర్టులో సాక్షి తడబడితే ప్లీడరుకు కలిగే సంబరం అది.

"ఆ వేసవంతా మిగతా పిల్లల్ని తిప్పారు కారులో. నా వంతు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఎవరూ లేరు కాబట్టి నన్నెక్కించుకున్నారు. తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఐసు కరిగిపోతోందని మీకు తొందర. తాడు దగ్గర కారు ఆగింది. కొక్కెం తీశారు, కారు దాటింది, మళ్ళీ తగిలించారు. ఏ గుంజకు తగిలిస్తున్నారో చూసుకోలేదు. మీ తొందర మా అమ్మ నెత్తిన పడింది."

"మరదలా, పదేళ్ళ పిల్లవి నువ్వప్పుడు," అన్నాడు బావ. ఆ రోజుల్లో వాడు పరీక్షలు రాస్తూ పట్నంలో ఉన్నాడు, ఈ గొడవ వాడికి విన్న కథే. "ఏదో ఊహించుకుని ఇప్పుడొచ్చి మీద పడితే ఎలా?"

"ఊహా? నాకు నిన్న జరిగినట్టుంది. సీటు రెగ్జిను వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ఐసు దిమ్మ మీద గోనెపట్టా, దాని చుట్టూ రంపప్పొట్టు. ఎండకి ఆ కొక్కెం నిప్పులా కాలిపోతోంది. అరచెయ్యి సుర్రుమంది. గౌనుకు తుడుచుకుంటే తుప్పు మరక పడింది, ఎంత ఉతికినా పోలేదు. అంత బాగా గుర్తుంది. ఇంకేం కావాలి నీకు?"

బావ పెద్దగా నవ్వాడు. వాదనలో ఇన్నాళ్ళకు ఒక పాయింటు దొరికినవాడి నవ్వు. "అయితే ఆ రోజు నాన్న గౌనేసుకున్నాడా?"

ఎవరూ నవ్వలేదు.

పిచిక జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. తన అరచేతి వైపు చూసుకుంది. కారులోంచి దిగిన కాళ్ళు గుర్తొచ్చాయి, పుల్లల్లాంటి కాళ్ళు. కొక్కెం బరువు గుర్తొచ్చింది. కారు దాటి వెళ్ళిపోతుంటే లేచిన ఎర్రటి దుమ్ము, కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే దొరికిన గుంజ గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి మామయ్యదనే ఆమె గుర్తు. మామయ్య స్టీరింగు వదిలి దిగినట్టు మాత్రం, ఎంత వెతికినా, ఇప్పుడు కనిపించడం లేదు.

"ఒరేయ్, నోర్ముయ్," అన్నాడు మామయ్య కొడుకుతో. "పిచికా, పెన్నిలా ఇవ్వు. నువ్వు చెప్పిందే నిజం. నేనే తగిలించాను. పేరు రాస్తాను, సంతకం పెడతాను. ఇంతటితో వదిలెయ్."

ఆమె కోరుకున్నది అదే కదా. ముప్పై నాలుగేళ్ళు కోరుకున్నది. చేతికి అందుతుంటే తీసుకోవడానికి చెయ్యి లేవలేదు.

"మీరేం పెట్టొద్దు," అంది అత్తయ్య. చెంచా బల్ల మీద గిరాటేసింది. "చాలు. చచ్చిపోయిన మనిషికిచ్చిన మాట కోసం ఈ వయసులో నా మొగుడు చెయ్యని పనికి కాగితం రాసివ్వాలా? చుట్టాలందరికీ నకళ్ళా? విను పిచికా. నువ్వే అడిగి చెప్పించుకుంటున్నావు."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు మామయ్య.

"మూసుకునే ఉన్నాను ఇన్నేళ్ళు. తగిలించింది నువ్వే పిచికా. కారు దిగి కొక్కెం తియ్యడం పిల్లలకి ఆట, వంతులేసుకుని కొట్టుకునేవాళ్ళు. ఆ రోజు నీ వంతు. ఇంట్లోకొచ్చి ఐసుముక్క చప్పరిస్తూ, 'నేనే కొక్కెం తగిలించాను అత్తయ్యా' అని గొప్పలు పోయావు. గంట తిరక్కుండా గోతి దగ్గర అరుపు. మీ మామయ్య వెళ్ళి ఆ గుంజ చూసి, నిన్ను పదిమందిలో నిలబెట్టి చేతులు విరగ్గొడతానని పళ్ళగదికి పరిగెత్తుకొచ్చాడు. నువ్వు లోపల ఆదమరిచి నిద్రపోతున్నావు, మీ అమ్మ గుమ్మానికి అడ్డం పడుకుంది. లేచి వెళ్ళి, నా కళ్ళముందే, గుంజల నుంచి తోట తాడు విప్పింది. పెరట్లో కట్టి దుప్పట్లు ఆరేసింది. ఒక్కో దుప్పటీ రెండుసార్లు జారిపోయింది, మళ్ళీ మళ్ళీ వేసింది. 'నేనే తీశానని చెప్పండి, దాని పేరెత్తకండి. పదేళ్ళది, ఇది తెలిస్తే బతికినన్నాళ్ళూ బతకలేదు' అంది. ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది."

బావ బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు. వాడికీ ఇది కొత్తే.

పిచికకు ఏడుపు వస్తుందనుకుంది అత్తయ్య. రాలేదు. వచ్చింది కోపం, అదీ మామూలు కోపం కాదు.

"పదేళ్ళ పిల్లను దించి, ఎటు తగిలిస్తోందో అద్దంలో కూడా చూడకుండా కారు తోలుకుపోయింది ఎవరు మామయ్యా?"

మామయ్య తల దించుకున్నాడు.

"గుడ్డి మనిషి తిరిగే దారి పక్కన గొయ్యి తవ్వించి కంచె వెయ్యనిది ఎవరు? మా అమ్మ కూతురి కోసం అబద్ధం ఆడింది. మీరు దేనికోసం ఆడారు? ఒట్టు పేరు చెప్పి ఆవిణ్ణి గెంటేసి, ఈ ఇల్లూ తోటా ముప్పై నాలుగేళ్ళు ఏలారు. ఒట్టులో 'మళ్ళీ రానివ్వకండి' అని కూడా ఉందా? అమ్మమ్మ పోయాకైనా ఒక్క కబురు పంపొద్దని ఉందా?"

"లేదు," అన్నాడాయన. "అందులో నా తప్పుంది. కాదనను. కానీ నీ కాగితం ఆ సంగతి అడగలేదు. కొక్కెం తగిలించింది ఎవరని అడిగింది."

ఆమె రాసుకొచ్చిన కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. ఖాళీ జోలికి పోలేదు. కింద, తన పేరు కోసం ఆమె గీసిన గీత మీద నిదానంగా సంతకం పెట్టాడు. తారీఖు వేశాడు. కాగితం తిప్పి, పెన్ను దాని మీద పెట్టి, బల్ల మీదుగా ఆమె ముందుకు తోశాడు.

"సంతకం పెట్టేశాను. ఆ ఖాళీలో ఎవరి పేరు కావాలో నువ్వే రాసుకో. నా పేరు రాసినా నేను కాదనను. ఎవరడిగినా అవునంటాను."

"ఏమండీ," అంది అత్తయ్య.

"రాసుకోనీ."

మామయ్య పేరు రాస్తే అమ్మ మీద నింద పోతుంది, అమ్మ దాచింది దాచినట్టే ఉంటుంది. చుట్టాలందరి ఎదుట ఈ మనిషి తల వంగుతుంది. ఆ వంగిన తల చూడాలనే కదా బస్సెక్కి వచ్చింది. తన పేరు రాస్తే నిజం. అమ్మ ముప్పై నాలుగేళ్ళు మోసి మోసి, చివరికి తనతో పాటు తీసుకుపోయిన నిజం.

ఏటా వేసవి మొదట్లో, రేకుల గదిలో, అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగేది: "ఎస్టేటు గుర్తొస్తోందా నీకు?" "గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఆ ఊసెత్తకు" అనేది పిచిక, ప్రతిసారీ. అమ్మ ఇంకేం అనకుండా పక్కకు తిరిగి కూర గిన్నె అందుకునేది. పుట్టింటి మీద బెంగ అనుకుంది ఇన్నాళ్ళూ. బెంగ కాదు. కూతురికి ఏదైనా గుర్తొచ్చిందేమోనని ఏటా కనుక్కుంటోంది. రాలేదని తెలిసి, ఇంకో ఏడాదికి గుండె దిటవు చేసుకుంటోంది.

పిచిక పెన్ను అందుకుంది. రోజుకు పాతిక కాగితాలు రాసే చెయ్యి, ఆ ఖాళీ ముందు ఒక్క క్షణం ఆగి, కిందికి దిగింది. మొదటి అక్షరం రాసింది.

బల్లకు అవతలి నుంచి ఆ అక్షరాన్ని తలకిందులుగానే చదివి, అది తన పేరులోది కాదని గ్రహించిన మామయ్య చప్పున లేచి, చెయ్యి చాపి, కాగితాన్ని అదిమి పట్టుకున్నాడు.

"వద్దు," అన్నాడు.

"చెయ్యి తియ్యండి," అంది పిచిక.